నీటిని చవగ్గా సాగనంపాలి: చిన్న పిండివంటలు, పచ్చళ్లు, పొడుల యూనిట్‌లో గ్యాస్, కట్టెలు, కరెంటు ఖర్చు తగ్గించే పద్ధతి

అప్పడాలు ఎండబెట్టినా, జంతికలు వేయించినా, మిరపకాయల్ని కారం చేసినా, చింతపండు గుజ్జు ఉడికించినా మనం చేసే అసలు పని ఒకటే. పదార్థంలోంచి నీళ్లు పోగొడుతున్నాం. నీళ్లు పోతేనే సరుకు నిలవ ఉంటుంది, కరకరలాడుతుంది, బూజు పట్టదు. మనం కొనే గ్యాస్‌లో, కట్టెల్లో ఎక్కువ భాగం ఈ పనికే ఖర్చవుతుంది. అందుకే కరెంటు ఆదా అనగానే బల్బులు మార్చడంతో మొదలుపెట్టే సలహాలు నాకు తృప్తినివ్వవు. బల్బులు మార్చాల్సిందే, కానీ డబ్బు పోయేది అక్కడ కాదు.

ఒక లెక్క చెబుతాను, దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా వ్యాసం సులువుగా అర్థమవుతుంది. 30 డిగ్రీల దగ్గరున్న ఒక లీటరు నీళ్లు మరగడానికి 70 కిలోకేలరీల వేడి చాలు. అదే లీటరు పూర్తిగా ఆవిరైపోవాలంటే ఇంకో 540 కావాలి. మరిగించడానికి అయ్యే ఖర్చు కంటే ఆవిరి చేయడానికి అయ్యే ఖర్చు ఏడు రెట్లకు పైనే. మొత్తం 610 కిలోకేలరీలు, అంటే కరెంటు లెక్కలో 0.71 యూనిట్. ఇది వేడి ఏమాత్రం వృథా కానప్పటి మాట. మామూలు పొయ్యి మీద దీనికి రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా అవుతుంది.

కాబట్టి చేయాల్సింది ఈ వరసలో: వేడి లేకుండా పోయే నీళ్లను ముందు అలాగే పోగొట్టాలి, ఎండకు పోయేవి ఎండకు వదిలేయాలి, మిగిలిన వాటికే గ్యాస్, కట్టె, కరెంటు వాడాలి. ఆ మిగిలిన పనిలో వేడి గోడలకు, గాలికి పోకుండా చూసుకోవాలి.

మొదటి అడుగు: ఒక నెల రాసి చూడండి

ఒక నోటుబుక్ కొనండి. రోజూ ఉదయం, సాయంత్రం మీటర్ రీడింగ్ రాయండి. వంట మొదలుపెట్టే ముందు సిలిండర్‌ని కాటా మీద పెట్టి తూచండి, అయిపోయాక మళ్లీ తూచండి. కట్టెలైతే ఆ రోజుకి కావలసినవి తూచి పక్కన పెట్టుకోండి, మిగిలినవి సాయంత్రం తూచి తీసేయండి. ఆ రోజు తయారైన సరుకు ఎన్ని కిలోలో పక్కనే రాయండి.

నెల చివర మీకు కావలసింది నెలకు ఎంత బిల్లు వచ్చిందన్నది కాదు, కిలో జంతికలకు ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టింది, కిలో కారానికి ఎన్ని యూనిట్లు పట్టింది అన్నది. నెలకు బిల్లు పెరిగితే పండగ గిరాకీ వల్ల కావచ్చు. కిలోకి పడే ఖర్చు పెరిగితే మాత్రం ఎక్కడో లోపం ఉన్నట్టే. అదే మనిషి, అదే వంటకం, అయినా ఒక రోజు 90 గ్రాములు, ఇంకో రోజు 130 గ్రాములు పడితే ఆ రెండు రోజుల్లో తేడా ఏమిటో అడిగి తెలుసుకోండి. చాలాసార్లు సమాధానం వంట చేసేవాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ రోజు కట్టె తడిగా ఉందనో, పిండి కలపడం ఆలస్యమై నూనె ఉత్తినే కాగిందనో చెబుతారు.

ఇంకో చిన్న పరీక్ష. రాత్రి పని అయిపోయాక అన్ని స్విచ్‌లూ ఆపేసి మీటర్ దగ్గరికి వెళ్లండి. ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటే ఏదో కరెంటు తాగుతోందని అర్థం. ఫ్రీజర్ ఉంటే దాన్ని కూడా ఐదు నిమిషాలు ఆపి చూడండి. అప్పటికీ మినుకుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి వైరింగ్‌లో లీకేజీ చూపించండి. ఇది డబ్బుకే కాదు, ప్రాణానికీ సంబంధించిన విషయం. తడి నేల మీద పనిచేసే చోట లీకేజీ ఉండకూడదు, లీకేజీ రాగానే కరెంటు ఆపేసే ఈఎల్‌సీబీ స్విచ్ లేకపోతే వెంటనే పెట్టించండి.

రెండో అడుగు: వేడి పెట్టకుండానే నీళ్లు తీసేయండి

గోంగూర, కరివేపాకు, పుదీనా కడిగి తడితోనే బాణలిలో వేసి వేయిస్తాం. ఆకుకు అంటుకున్న నీళ్లు ముందు ఆవిరైతే గాని ఆకు వేగదు. వాషింగ్ మెషీన్‌లో బట్టలు పిండే డ్రమ్ము లాంటిదే, తిండి పదార్థాల కోసం స్టీలుతో చేసిన స్పిన్నర్ దొరుకుతుంది. 300 వాట్ల మోటారు ఐదు నిమిషాలు తిరిగితే అయ్యే ఖర్చు 0.025 యూనిట్. ఆ ఐదు నిమిషాల్లో ఒక లీటరు నీరు బయటికి పోయినా, అదే లీటరుని వేడితో పోగొట్టడానికి కావలసిన 0.71 యూనిట్‌తో పోల్చి చూడండి. దాదాపు ముప్పై వంతులు తక్కువ. యంత్రం కొనలేకపోతే జాలీ ట్రేలలో పలచగా పరిచి, ఫ్యాను గాలికి గంట ఆరబెట్టినా చాలా తేడా కనిపిస్తుంది.

చింతపండు గుజ్జు, టమాటా పచ్చడి చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. గుజ్జు తేలిగ్గా రావాలని నీళ్లు ఎక్కువ పోస్తాం, తర్వాత ఆ నీళ్లనే పొయ్యి మీద గంటల తరబడి ఇగరబెడతాం. పోసిన ప్రతి అదనపు లీటరుకీ, సగం వేడి వృథా అయ్యే పొయ్యి మీద, సుమారు 110 గ్రాముల గ్యాస్ పోతుంది. చింతపండుని రాత్రే కొద్ది వేడినీళ్లలో నానబెట్టండి. ముందు తీసిన చిక్కటి గుజ్జు వేరుగా ఉంచి, పిప్పిలో మళ్లీ కొంచెం నీళ్లు పోసి పలచటి రసం తీయండి. ఆ పలచటి రసంతోనే తర్వాతి బ్యాచ్ చింతపండు నానబెట్టండి. అప్పుడు మొత్తం మీద వాడే నీళ్లు బాగా తగ్గుతాయి. టమాటాలైతే ముక్కలు కోసి ఉప్పు కలిపి జాలీ మీద ఉంచితే చాలా నీరు తనంతట తానే కారిపోతుంది. ఎండు టమాటా పచ్చడికి ఊట తీసే పద్ధతి మన ఇళ్లలో ఉన్నదే.

జంతికలు, కారప్పూస, చెక్కలు, సకినాల పిండిలో కూడా ఇదే సూత్రం. రుచికి, గుల్లదనానికి ఎంత నీరు అవసరమో అంత పోయాల్సిందే, అందులో రాజీ వద్దు. కానీ చేతి అంచనాతో పోస్తే ఒక రోజు పలచన, ఒక రోజు గట్టి అవుతుంది. మీ పిండికి ఏది సరిపోతుందో ఒకసారి తేల్చుకుని ఆ నీళ్లను కొలిచి పోయండి.

మూడో అడుగు: ఎండను పనిలో పెట్టుకోండి

పండు మిరపకాయలు వంద కిలోలు తీసుకుంటే అందులో 75 కిలోల వరకు నీళ్లే ఉండవచ్చు. పది శాతం తేమకు వచ్చేసరికి సుమారు 28 కిలోలు మిగులుతాయి, 72 లీటర్లు పోవాలి. దీన్ని పూర్తిగా కరెంటు డ్రయర్‌లో చేస్తే వృథా ఏమీ లేకుండానే 51 యూనిట్లు కావాలి. డ్రయర్‌లో సగం వేడి బయటికి పోతే వంద దాటుతుంది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు రైతులు కళ్లాల్లో ఎండకు ఆరబోసే పని విలువ ఇది.

కానీ నేల మీద, రోడ్డు మీద ఆరబెట్టిన సరుకుకి దుమ్ము అంటుతుంది, రాత్రి మంచుకు తడిసి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. తినేవాళ్ల ఆరోగ్యం దెబ్బతినే పని ఆదా కాదు. మధ్యే మార్గం సోలార్ డ్రయర్. ఇనుప చట్రం మీద పాలికార్బనేట్ షీటు లేదా అల్ట్రావయొలెట్ కిరణాల్ని తట్టుకునే ప్లాస్టిక్ వేసి, లోపల జాలీ ట్రేలు, పైన ఆవిరి పోయే చిన్న ఫ్యాన్లు పెడతారు. లోపలి వేడి బయటికంటే 15 నుంచి 25 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అప్పడాలు, వడియాలు, మామిడి ముక్కలు, మిరప, అల్లం అన్నీ ఇందులో ఆరతాయి. కరివేపాకు, మెంతికూర లాంటివి నేరుగా ఎండ తగిలితే రంగు పోతాయి కాబట్టి వాటి ట్రేల మీద నల్ల గుడ్డ నీడ కట్టండి.

కరెంటు డ్రయర్ ఇప్పటికే ఉంటే దాన్ని చివరి అంచెకు వాడండి. మొదటి రోజు ఎండకు లేదా సోలార్ డ్రయర్‌లో, చివరి కొద్ది శాతం తేమ తీయడానికి మాత్రమే కరెంటు డ్రయర్. వర్షాకాలంలో కూడా ఈ కలయిక పనికొస్తుంది. డ్రయర్ నడిపేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ముక్కలు ఒకే మందంలో ఉండాలి, లేకపోతే లావు ముక్కల కోసం సన్న ముక్కలు కూడా అదనంగా గంటలు ఉండాల్సి వస్తుంది. మొదటి గంటల్లో ఆవిరి ఎక్కువ కాబట్టి ఎగ్జాస్ట్ తలుపు బాగా తెరవాలి, తర్వాత బాగా మూయాలి. చాలామంది దాన్ని చివరి దాకా తెరిచే ఉంచి వేడి గాలిని బయటికి పంపేస్తారు. ఇక సగం ట్రేలతో డ్రయర్ వేయకండి, నిండే వరకు ఆగండి.

నాలుగో అడుగు: పొయ్యి, బాణలి

ఎక్కువ డబ్బు ఇక్కడే పోతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు మీ పొయ్యిని పరీక్షించండి. 20 లీటర్ల నీళ్లు రోజూ వాడే గిన్నెలో పోసి మూత పెట్టండి. నీటి వేడి థర్మామీటర్‌తో చూడండి, 30 డిగ్రీలు అనుకుందాం. సిలిండర్ తూచండి. 90 డిగ్రీలు రాగానే ఆపేసి మళ్లీ తూచండి. నీళ్లలోకి వెళ్లిన వేడి 20 ని 60 తో గుణిస్తే 1,200 కిలోకేలరీలు. కిలో ఎల్‌పీజీలో సుమారు 11,000 కిలోకేలరీలు ఉంటాయి. 220 గ్రాములు పడితే 2,420, అంటే మీ పొయ్యి సామర్థ్యం యాభై శాతం. 300 గ్రాములు పడితే 36 శాతమే. ఇంటి గ్యాస్ స్టవ్‌కి ఐఎస్ఐ ప్రమాణం కనీసం 68 శాతం. పెద్ద బర్నర్లకు అంత రాకపోవచ్చు, కానీ నలభై కంటే తక్కువ వస్తే పని ఉన్నట్టే.

మంట రంగు చూడండి. నీలంగా, గట్టిగా ఉండాలి. పసుపు పచ్చగా లేచి బాణలి అడుగున మసి పడుతుంటే గాలి సరిపోవట్లేదు. బర్నర్ దగ్గర గాలి లోపలికి వెళ్లే రంధ్రం మూతని తిప్పి సరిచేయాలి, బర్నర్ రంధ్రాలు మూసుకుపోతే సన్నని తీగతో శుభ్రం చేయాలి. ఈ పని పొయ్యి ఆరిన తర్వాతే చేయండి. బాణలి అడుగు మసి వారానికోసారి తోమించండి, మసి పొర వేడిని లోపలికి రానివ్వదు. నీళ్లు మరిగించే గిన్నెల్లో లోపల తెల్లగా పేరుకునే సున్నపు పొర కూడా అంతే. బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లలో నెలకోసారి నిమ్మ ఉప్పు వేసి మరిగించి కడిగేయాలి.

మంట బాణలి అడుగునే ఉండాలి, అంచులు దాటి పక్కలకు లేస్తే ఆ గ్యాస్ గదిని వేడి చేయడానికే. బాణలి చుట్టూ పొయ్యి ఎత్తులో ఒక రేకు వలయం పెట్టించండి. వేడి గాలి బాణలి గోడల వెంబడి పాకి పైకి వెళ్లేలా రెండు మూడు వేళ్ల సందు ఉంటే చాలు, మరీ మూసేస్తే మంటకు గాలి ఆడక విషవాయువు వస్తుంది. లోకల్ వెల్డింగ్ షాపులో తక్కువ ఖర్చుతో అయిపోయే పని ఇది.

ఉడికించే వంటలకు ఒక మాట. ఎసరు పొంగాక మంట తగ్గించమని అమ్మ చెప్పేది. కుతకుతలాడినా, సన్నగా ఉడికినా నీటి వేడి 100 డిగ్రీలే. పెద్ద మంటతో పదార్థం త్వరగా ఉడకదు, నీళ్లు మాత్రం త్వరగా ఆవిరవుతాయి, ఆ 540 అక్కడ పోతుంది. మూత పెట్టి సన్నమంట మీద ఉడికించండి. శనగలు, బొబ్బర్లు, పెసలు లాంటివి రాత్రే నానబెట్టండి. వీలైన చోట పెద్ద ప్రెషర్ కుక్కర్ వాడండి. అందులో వేడి 120 డిగ్రీల దగ్గరకు వెళ్తుంది, సమయం తగ్గుతుంది, ఆవిరి వృథా కాదు.

వేయించే వంటల దగ్గర నూనె వేడి అసలు విషయం. 20 లీటర్ల నూనెను గది వేడి నుంచి 175 డిగ్రీలకు తేవడానికి సుమారు 1,300 కిలోకేలరీలు కావాలి. సగం వృథా అయ్యే పొయ్యి మీద దాదాపు 240 గ్రాముల గ్యాస్. రోజుకు రెండుసార్లు చల్లార్చి మళ్లీ కాచితే ఈ ఖర్చు రెండుసార్లు. రెండు పూటలా నాలుగేసి గంటలు వేయించే బదులు ఒకే పూట ఎనిమిది గంటలు పెట్టుకోగలరేమో చూడండి. పిండి కలిపి, అచ్చుల్లో పెట్టి, జల్లిగరిటెలు సిద్ధం చేశాకే పొయ్యి వెలిగించాలి. నూనె కాగుతుండగా పిండి కలపడం మొదలుపెట్టిన రోజుల్లో మా నోటుబుక్‌లో కిలోకి పడే గ్యాస్ స్పష్టంగా ఎక్కువ కనిపించేది.

నూనె థర్మామీటర్ కొనండి. 170 నుంచి 180 డిగ్రీలు చాలావాటికి సరిపోతుంది. అంతకు మించితే నూనె పొగలు వచ్చి త్వరగా పాడవుతుంది, గ్యాస్‌తో పాటు నూనె ఖర్చు కూడా పెరుగుతుంది. తక్కువైతే సరుకు నూనె పీల్చుకుంటుంది. అడుగున పేరుకునే పిండి ముక్కల్ని ఎప్పటికప్పుడు తీసేస్తుండండి. పని ఆగినప్పుడు మంట ఆపి పొడి మూత వేయండి. కాగిన నూనె మీద తడి మూత ఎప్పుడూ పెట్టవద్దు.

కట్టెల పొయ్యి వాడేవాళ్లకు

పూతరేకులు, బెల్లం, జీడిపప్పు, పసుపు ఉడకబెట్టడం ఇవన్నీ ఇంకా చాలాచోట్ల కట్టె, పిప్పి, కొబ్బరి మట్టలతోనే నడుస్తున్నాయి. అందులో తప్పు లేదు. తప్పు తడి కట్టె కాల్చడంలో ఉంది.

అప్పుడే నరికిన కట్టెలో సగం నీళ్లు ఉండవచ్చు. అది కిలోకి 2,000 కిలోకేలరీలు కూడా ఇవ్వకపోవచ్చు. 15 నుంచి 20 శాతం తేమకు ఆరిన కట్టె కిలోకి సుమారు 3,500 ఇస్తుంది. పైగా మనం టన్ను లెక్కన కొంటాం, అంటే నీళ్లకు కూడా కట్టె ధర కడుతున్నాం. కొనేటప్పుడు రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఆరినవి టంగుమని మోగుతాయి, పచ్చివి ధబ్బుమంటాయి. చివర్లు పగిలి, బెరడు ఊడుతూ ఉంటే ఆరినట్టు. వేసవిలోనే ఒక సీజన్‌కి సరిపడా కొని, చీల్చి, నేలకు తగలకుండా ఇటుకల మీద పేర్చి, పైన రేకు, పక్కలు ఖాళీగా ఉంచండి. గాలి ఆడాలి, వాన తగలకూడదు. గోనె పట్టాతో చుట్టేస్తే లోపల తేమ అలాగే ఉండిపోతుంది. మా కట్టెలు ఒక ఏడాది అలాగే కప్పి ఉంచి ఆ వర్షాకాలమంతా పొగతో కళ్లు మండుతూ పనిచేశాం. అప్పటి నుంచి పక్కలు మూయనివ్వను.

పొయ్యి నిర్మాణంలో మూడు భాగాలు చూడాలి. కట్టె నేల మీద కాదు, ఇనుప చువ్వల జాలీ మీద కాలాలి. కింద నుంచి గాలి వస్తే మంట శుభ్రంగా ఉంటుంది, బూడిద కింద పడుతుంది. కట్టె పెట్టే నోటికి తలుపు ఉండాలి, ఎప్పుడూ తెరిచి ఉంచితే చల్లగాలి లోపలికి వెళ్లి మంటను చల్లారుస్తుంది. పొగ గొట్టంలో మూత ఉండాలి. మంట బాగా అందుకున్నాక దాన్ని కొంచెం మూస్తే వేడి బాణలి కింద ఎక్కువసేపు ఉంటుంది. లోపలి గోడకు ఇటుక, దాని వెనక మట్టిలో ఊక కలిపి మందంగా మెత్తితే బయటి గోడ చెయ్యి పెట్టగలిగినంత చల్లగా ఉంటుంది. చెయ్యి కాలుతోందంటే అక్కడి నుంచి మీ డబ్బు పోతోంది. 100 డిగ్రీల వేడి ఉన్న ఒక చదరపు మీటరు గోడ సుమారు 800 వాట్ల వేడిని గదిలోకి వదులుతుంది. ఆ వేడిలో పనిచేసే ఆడవాళ్ల గురించి కూడా ఆలోచించండి. పొయ్యి బాగుపడితే ముందు బాగుపడేది వాళ్ల రోజు.

మణికట్టు లావు కట్టెలు, కొంచెం కొంచెంగా, తరచుగా పెట్టాలి. పెద్ద దుంగ ఒకటి తోసేసి వదిలేస్తే పొగ ఎక్కువ, మంట తక్కువ.

గ్యాసా, కట్టెలా, ఇండక్షనా?

దీనికి ఊహతో జవాబు చెప్పకూడదు, లెక్క కట్టాలి. కిలో గ్యాస్‌లో 11,000, పొయ్యి సామర్థ్యం 55 శాతం అయితే గిన్నెలోకి వెళ్లేది సుమారు 6,000 కిలోకేలరీలు. ఒక యూనిట్ కరెంటులో 860, ఇండక్షన్‌లో 85 నుంచి 90 శాతం వెళ్తుంది కాబట్టి సుమారు 750. అంటే కిలో గ్యాస్ పని ఎనిమిది యూనిట్లు చేస్తాయి. 19 కిలోల సిలిండర్ మీకు 1,900 రూపాయలకు పడితే కిలో వంద. యూనిట్ 8 రూపాయలైతే ఎనిమిది యూనిట్లకు 64. ఇక్కడ ఇండక్షన్ చవక. మీ సిలిండర్ ధర, మీ యూనిట్ ధర పెట్టి మళ్లీ చేయండి, జవాబు మారవచ్చు. ఇండక్షన్ పెడితే కాంట్రాక్ట్ లోడ్, అంటే కరెంటు సంస్థతో మనం ఒప్పుకున్న గరిష్ఠ వాడకం, పెరుగుతుంది, ఆ ఖర్చూ కలపాలి. గుండ్రటి బాణలికి గుంట ఉన్న ఇండక్షన్ పొయ్యిలు విడిగా దొరుకుతాయి, ఇంట్లో వాడే చదునైన పొయ్యి దీనికి పనికిరాదు.

14.2 కిలోల ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడటం నేరం, ప్రమాదం జరిగితే బీమా కూడా రాదు. దాన్ని ఆదా మార్గంగా లెక్కలోకి తీసుకోకండి.

ఐదో అడుగు: మర, పల్వరైజర్, మోటారు

కారం, పసుపు, ధనియాల పొడి చేసేవాళ్లకు కరెంటు బిల్లులో పెద్ద వాటా మోటారుదే. తడి ఇక్కడ కూడా శత్రువే. మిరపకాయలు కాస్త మెత్తబడి ఉంటే జల్లెడకు అంటుకుంటాయి, మోటారు మూలుగుతుంది, పొడి వేడెక్కి రంగు, ఘాటు పోతాయి. ఎండలో గలగలమనేదాకా ఆరాకే మరలో వేయండి.

పల్వరైజర్‌లో (పొడి కొట్టే యంత్రం) సుత్తులు అరిగితే తిప్పి వాడండి, రెండు వైపులా అరిగితే మార్చండి. జల్లెడ ప్రతి బ్యాచ్ తర్వాత బ్రష్‌తో దులపండి. రాతి మర అయితే గాట్లు అరిగిన రాయి పిండిని నలపదు, రుద్దుతుంది. సమయానికి రాయి కొట్టించండి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే కొంచెం దిగాలి. బాగా దిగితే జారుతోంది, అసలు దిగకపోతే బేరింగులు పాడవుతాయి. రెండు మూడు బెల్టులు ఉన్న చోట ఒకటే మార్చకుండా అన్నీ కలిపి మార్చండి.

ఒక మోటారు లెక్క. 5 హెచ్‌పీ మోటారు, పాతది, రెండు మూడుసార్లు కాయిల్ కట్టించినది అనుకుందాం. సామర్థ్యం 80 శాతం ఉంటే పూర్తి లోడు మీద 4.66 కిలోవాట్లు తీసుకుంటుంది. కరెంటు తక్కువ తాగే ఐఈ3 తరగతి కొత్త మోటారుకు 88.4 శాతం, అది 4.22 తీసుకుంటుంది. తేడా 0.44 కిలోవాట్. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే వెయ్యికి పైగా యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే ఎనిమిది వేలు దాటుతుంది. రోజుకు గంట మాత్రమే నడిచే మోటారుకు ఇది వర్తించదు, దాన్ని కాలిపోయేదాకా వాడుకోండి. కానీ ఎక్కువ గంటలు నడిచేది కాలిపోయినప్పుడు మళ్లీ కాయిల్ కట్టించే ముందు ఈ లెక్క వేయండి. ఒకసారి మా మోటారుకు కాయిల్ కట్టినతను సన్నని తీగ వాడాడు, ఆ తర్వాత అది ముట్టుకోలేనంత వేడెక్కేది. కాయిల్ కట్టిస్తే తీగ గేజ్ (మందం), చుట్లు పాతవే ఉండాలని ముందే రాయించుకోండి.

మర ఉత్తినే తిరగనివ్వకండి. కిలో, రెండు కిలోల గిరాకీలకు ఒక్కోసారి వేయకుండా గంట ఆగి కలిపి వేయండి. రంగు, ఘాటు కలవకుండా ధనియాల నుంచి మొదలుపెట్టి చివర మిరప వేసేలా వరస పెట్టుకుంటే మధ్యలో కడగడం కూడా తగ్గుతుంది.

ఆరో అడుగు: బిల్లు కాగితం చదవండి

కేటగిరీ చూడండి. తయారీ యూనిట్ అయివుండి వాణిజ్య కేటగిరీలో బిల్లు వస్తుంటే యూనిట్‌కి ఎక్కువ కడుతున్నారు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార) లైసెన్సు పెట్టి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) కార్యాలయంలో పరిశ్రమ కేటగిరీకి మార్చమని దరఖాస్తు ఇవ్వండి. ముందు భాగంలో అమ్మకాల కౌంటర్ ఉంటే దానికి వేరే మీటర్ పెట్టించుకోవడం మంచిది.

కాంట్రాక్ట్ లోడ్, ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్ (ఒకేసారి ఎక్కువలో ఎక్కువ లాగిన కరెంటు) పక్కపక్కనే ఉంటాయి. ఏడాది పొడవునా డిమాండ్ బాగా తక్కువ ఉంటే లోడ్ తగ్గించుకోవచ్చు, దాటుతుంటే అదనపు చార్జీ పడుతుంది. మర, డ్రయర్, గ్రైండర్ ఒకేసారి స్టార్ట్ చేయకుండా పది నిమిషాల తేడాతో చేస్తే, డ్రయర్‌ని మర ఆగాక వేస్తే, ఈ అంకె దానంతటదే తగ్గుతుంది.

మోటార్లు లాగిన కరెంటులో కొంత పనికి ఉపయోగపడదు, పనికొచ్చిన వంతే పవర్ ఫ్యాక్టర్. పనికిరాని ఆ భాగాన్ని కూడా కలిపి లెక్కించే కేవీఏహెచ్‌లో బిల్లు ఉంటే పవర్ ఫ్యాక్టర్ నేరుగా మీ డబ్బు. వెయ్యి యూనిట్ల అసలు వాడకానికి పవర్ ఫ్యాక్టర్ 0.75 అయితే బిల్లులో 1,333 పడతాయి, 0.95 అయితే 1,053. ఆ 280 తేడాను ఆపేది కెపాసిటర్. 5 హెచ్‌పీ మోటారుకు సుమారు 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజును ఇందులోనే చెబుతారు) సరిపోతుంది. మోటారు స్టార్టర్‌తో పాటే అది ఆన్, ఆఫ్ అయ్యేలా కట్టించండి. అవసరానికి మించి పెద్దది పెట్టడం కూడా నష్టమే. ఏడాదికోసారి క్లాంప్ మీటర్‌తో అది పనిచేస్తోందో లేదో చూపించండి, పాడైన కెపాసిటర్ చప్పుడు చేయదు.

మిగిలినవి, క్లుప్తంగా

ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టవద్దు, పొయ్యికి దూరంగా ఉంచండి. వెనక కాయిల్ దుమ్ము నెలకోసారి దులపండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. లోపల మంచు అర అంగుళం పేరుకునేదాకా ఆగకండి. వేడి పదార్థం చల్లారాకే, మూత పెట్టే లోపల ఉంచండి. అందులోంచి వచ్చే ఆవిరే మంచుగా మారుతుంది. అవసరానికి మించి ఒక్క డిగ్రీ చల్లబరిస్తే మూడు నాలుగు శాతం కరెంటు అదనం. నూనె, ఉప్పు సరిగ్గా ఉన్న ఊరగాయకు ఫ్రీజర్ అక్కర్లేదు, ఆ చోటు పచ్చి కొబ్బరికి, కోవాకు ఉంచండి.

ప్యాకింగ్ మెషీన్‌కి కంప్రెసర్ ఉంటే గొట్టాల జాయింట్ల మీద సబ్బు నురగ రాసి లీకులు చూడండి. 7 బార్ గాలి ఒత్తిడి దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 3 కిలోవాట్లు మింగుతుంది. యంత్రానికి 5 బార్ చాలితే 7 పెట్టవద్దు. పాత ట్యూబ్‌లైట్ చోకుతో కలిపి 50 వాట్లకు పైన, ఎల్ఈడీ ట్యూబ్ 20. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు మోటారు ఉండే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర.

సోలార్ ప్యానెళ్లను కావాలనే చివరికి వదిలాను. వృథా ఆపాక ఎంత కరెంటు కావాలో తేలుతుంది, అప్పుడు చిన్న ప్లాంటు సరిపోతుంది. మన దగ్గర ఒక కిలోవాట్ ప్లాంటు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది, సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. పగలే పనిచేసే మన యూనిట్లకు అది బాగా సరిపోతుంది.

యంత్రాలు కొనాల్సి వస్తే చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం గురించి, దానికి సాయం చేసే జిల్లా రిసోర్స్ పర్సన్‌ని అడగండి. బ్యాంకు రుణంతో ముడిపడి 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయల వరకు సబ్సిడీ ఆ పథకం కింద ఇస్తారు. ప్రస్తుత గడువు, నిబంధనలు దరఖాస్తుకు ముందే తెలుసుకోండి. కొటేషన్ తీసుకునేటప్పుడు మోటారు ఐఈ3 అని, డ్రయర్ గోడల్లో వేడి పోకుండా ఎంత మందం పొర ఉందని, గంటకు ఎన్ని లీటర్ల నీరు తీస్తుందని, దానికి ఎన్ని యూనిట్లు పడతాయని కాగితం మీద రాయించుకోండి. లీటరు నీటికి యూనిట్లు ఎన్నో చెప్పలేని డ్రయర్ అమ్మకందారు దగ్గర కొనవద్దు. చెప్పినవాళ్ల అంకెను 0.71తో పోల్చి చూడండి. యంత్రం వచ్చిన మొదటి వారంలో తడి సరుకు, ఎండు సరుకు, మీటర్ రీడింగ్ మీరే తూచి రాసి, ఆ అంకె నిజమో కాదో చూశాకే చివరి వాయిదా కట్టండి.